నా కీళ్ల జబ్బూ, అమ్మానాన్నల ముసలితనమూ, మానని నడకా

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలేనాటికి నాన్నకు పార్కిన్సన్స్ జబ్బు వచ్చి కొంతకాలమైంది. అమ్మ అప్పటికింకా తన పనులు తాను చేసుకునేది. తర్వాత ఆమె పడింది, తుంటి ఎముక విరిగింది. ఆ ఏళ్లన్నిటిలో నేను ఒళ్లు కదపడం పూర్తిగా మానలేదు. అది ఎలా సాధ్యమైందో రాద్దామని కూర్చున్నాను. ఇలాంటి రోజుల్లో ఉన్నవాళ్లతో అందరూ "ముందు నీ ఆరోగ్యం చూసుకో" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ పొద్దున్నే గుప్పిట మూసుకోని చేతులతో, పక్క గదిలో నాన్న పిలుస్తుండగా, ఆ చూసుకోవడమేదో ఏ వేళకు, ఎంతసేపు చేయాలో ఎవరూ చెప్పరు.

నా జబ్బు గురించి కొంచెం చెప్పాలి. ఇది వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. నాకు రెండు మణికట్లు, రెండు చేతుల వేళ్ల కణుపులు, రెండు మునిపాదాలు ఒకేలా వాచాయి. అరుగుదల నొప్పి పనిచేసేకొద్దీ పెరుగుతుంది. ఇది విశ్రాంతి తర్వాతే ఎక్కువ బాధిస్తుంది. రాత్రంతా పడుకుని లేస్తే బిగుసుకుపోయిన ఒళ్లు సడలడానికి గంటకు పైగా పట్టేది. దానికి తోడు ఎంత నిద్రపోయినా తీరని నీరసం. ఆ దాడిని తగ్గించే మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టారు. అది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాల్సిన మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఆ రోజును క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. మందు పట్టుకోవడానికి వారాలు పట్టింది. మాత్ర వేసుకున్న మర్నాడు వికారంగా, మందకొడిగా ఉండేది.

డాక్టరు గారిని నేను మొదట అడిగింది ఒకటే: కదిలితే ఈ కీళ్లు ఇంకా పాడవుతాయా? పాత రోజుల్లో ఈ జబ్బుకు విశ్రాంతే రాసేవారట. ఇప్పుడు అలా కాదని ఆయన ఓపిగ్గా చెప్పారు. కీళ్లవాతాల మీద పనిచేసే యూరప్ వైద్యుల సంఘం, యూలార్, 2018లో ఇచ్చిన సిఫార్సుల్లో ఇలాంటి రోగులకు శారీరక శ్రమ చికిత్సలో భాగమని స్పష్టంగా చెప్పింది. ఈ జబ్బు కీళ్లతో ఆగదు, కండను కూడా తింటుంది. కండ తగ్గితే కీలు మీద భారం పెరుగుతుంది. నొప్పికి భయపడి కూర్చుంటే ఆ రెండూ కలిసి మనిషిని కుర్చీకే పరిమితం చేస్తాయి. ఈ సంగతి విన్నాక నాకు ధైర్యం కంటే తొందర ఎక్కువ కలిగింది. నాన్నను పట్టుకోవాల్సిన చేతులు నావే మరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకు చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. ఆ అంకె చూసి మొదట గుండె జారిపోయింది. తర్వాత నన్ను చూసిన ఫిజియోథెరపిస్ట్ ఒక మార్పు గురించి చెప్పారు. ఒకప్పుడు కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్కలోకి వస్తుందనేవారు. 2020లో వచ్చిన మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేశారు. రెండు నిమిషాలైనా సరే, మెట్లెక్కినా సరే, అది కూడా లెక్కే. చాలామందికి ఇది చిన్న సవరణగా కనిపించవచ్చు. నా జీవితంలో ఏకబిగిన దొరికే పది నిమిషాలు ఉండేవి కావు. నాన్న మందుల వేళలు, ఆయన స్నానం, అమ్మ కంటి చుక్కలు, మధ్యలో నా ఉద్యోగం. ఆ షరతు తొలగిందని తెలిశాక రోజంతా నాకు ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది.

ఆ ఫిజియోథెరపిస్ట్ నాకు మూడు రకాల రోజులకు మూడు రకాల పని రాసిచ్చారు. ఒళ్లు తేలికగా ఉన్న రోజున చురుకైన నడక, సాగే రబ్బరు పట్టీతో భుజాలకు, తొడలకు వ్యాయామం. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, శ్రమ సరిపోయిందనడానికి అదే గుర్తు. అంతంతమాత్రంగా ఉన్న రోజున నడక సగం, పట్టీ లేదు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం మాత్రం ఉంటుంది. జబ్బు ఎగదన్నిన రోజున, అంటే కీళ్లు వేడిగా, ఎర్రగా ఉబ్బినప్పుడు, వాటి మీద బరువు వేయకూడదు. కానీ అప్పుడు కూడా ఒక్కో కీలును అది వెళ్లగలిగినంత మేర మెల్లగా ఒకటి రెండుసార్లు తిప్పాలి. కీలు కదపకుండా కండరాన్ని మాత్రం బిగించి వదలాలి. తొడ కండరాన్ని మంచం మీద పడుకునే బిగించవచ్చు. ఇంకో సూత్రం కూడా చెప్పారు, ఇప్పటికీ పాటిస్తున్నాను: వ్యాయామం చేశాక రెండు గంటలు దాటినా నొప్పి మునుపటి కంటే ఎక్కువగానే ఉంటే, అది ఎక్కువైందని అర్థం. మరుసటిసారి తగ్గించాలి, మానేయకూడదు.

ఈ మూడో రకం రోజే అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం. ఒంట్లో బాగున్న రోజున ఎవరైనా నడుస్తారు. బాగాలేని రోజున చేసే ఆ కాస్త కదలిక వల్ల కండ పెరుగుతుందని కాదు, మర్నాడు మళ్లీ మొదలుపెట్టడం సులువవుతుంది. సున్నా నుంచి ఒకటికి రావడం చాలా కష్టం. ఒకటి నుంచి రెండుకు రావడం అంత కష్టం కాదు.

అయితే అందరి జబ్బూ ఒకటి కాదు. శ్రమ చేసిన ఒకటి రెండు రోజుల తర్వాత మనిషి కుప్పకూలిపోయే దీర్ఘకాలిక అలసట జబ్బులు కొన్ని ఉన్నాయి. వాళ్లకు "రోజూ కొంచెం పెంచుకో" అనే సలహా హాని చేస్తుంది. నేను రాసేది వాళ్లకు వర్తించదు. ఎవరైనా వాళ్లను బద్ధకస్తులని అంటే నాకు బాధగా ఉంటుంది.

ఇక నాన్న సంగతి. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ అనే, కదలికలకు అవసరమైన రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. చేతి వణుకే అందరికీ కనిపిస్తుంది కానీ నాన్నను ఎక్కువగా బాధపెట్టింది వణుకు కాదు, అడుగు చిన్నదైపోవడం. తను మామూలుగానే అడుగు వేస్తున్నానని ఆయనకు అనిపించేది, చూస్తే జానెడు కూడా ఉండేది కాదు. గుమ్మం దగ్గరకు రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి. వెనక నుంచి తొందరపెడితే ఇంకా బిగుసుకునేవారు. "తల్లీ, కాళ్లు నా మాట వినడం లేదు" అనేవారు, ఎంతో పద్ధతిగా బతికిన మనిషి, సిగ్గుపడుతూ.

మామూలు నడక ఏ ఆలోచనా లేకుండా సాగిపోతుంది. ఈ జబ్బు ఆ ఆలోచన అక్కర్లేని దారినే పాడుచేస్తుంది. కాబట్టి నడకను ఆలోచనతో చేసే పనిగా మార్చాలి. గుమ్మాల దగ్గర నేల మీద అడ్డంగా రంగు టేపు గీతలు అంటించాం. గీత దాటమంటే నాన్న కాలు లేచేది, నడవమంటే లేచేది కాదు. గీతలు లేని చోట అంకెలు లెక్కపెట్టేవాళ్లం. "నాన్నా, ఆగు. నిటారుగా నిలబడు. బరువు ఎడమకు మార్చు. ఇప్పుడు కుడి కాలు, పెద్ద అడుగు." ఈ నాలుగు మాటలు ఇంట్లో అందరికీ వచ్చేశాయి. తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా అర్ధచంద్రాకారంగా అడుగులేయాలి. నడుస్తున్నప్పుడు ఆయనతో కబుర్లు చెప్పకూడదు, చేతిలో ఏమీ పెట్టకూడదు. రెండు పనులు కలిస్తే పడేది నడకే. వచ్చిన బంధువులకు ఇది చెప్పడం కష్టంగా ఉండేది. ప్రేమగా పలకరిస్తూ పక్కన నడిచేవారు, ఆయన తూలేవారు.

వ్యాయామానికి వేళ కూడా ఉంది. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్న గంటల్లోనే చేయించాలి. మాత్ర ప్రభావం తగ్గిన సమయంలో చేయిస్తే ఆయనకు మిగిలేది ఓటమి అనే భావనే. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయేది. అందుకని ముందు కూర్చుని పాదాలు పైకీ కిందికీ ఆడించి, కాసేపు ఆగి, తర్వాత నిలబడేవారు.

నాన్నతో నడవడం నా వ్యాయామం అవుతుందనుకున్నవాళ్లున్నారు. కాదు. ఆయన వేగంతో నడిస్తే నా గుండె వేగం పెరగదు, పైగా పట్టుకుని వంగి నడవడం వల్ల నడుము పట్టేసేది. కానీ ఇద్దరికీ పనికొచ్చేది ఒకటి దొరికింది. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం, కూర్చోవడం. వృద్ధుల కాళ్ల బలం చూడటానికి వైద్యులు వాడే పరీక్షల్లో 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరన్నది ఒకటి. అదే పరీక్ష వ్యాయామంగానూ పనిచేస్తుంది. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసుకుని చేసేవాళ్లం. నాన్న లెక్క పెట్టేవారు, గొంతు పెద్దది చేసి. ఈ జబ్బులో గొంతు కూడా సన్నగిల్లుతుంది కాబట్టి అది ఆయనకు రెండో వ్యాయామం. వాచిన మణికట్లతో నేల మీద చేతులు ఆన్చి చేసే ఏ వ్యాయామమూ చేయలేని నాకు, తొడల బలం నిలబెట్టింది ఇదే.

మనిషిని లేపడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చూసుకునేవాళ్ల ఒళ్లు పాడయ్యేది ఇక్కడే. చేతులు పట్టి లాగకూడదు, చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. లేచేవాళ్ల భుజానికి, లేపేవాళ్ల నడుముకు రెండింటికీ ప్రమాదం. ముందు వాళ్లను కుర్చీ అంచుకు జరపాలి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి. ముక్కు మునివేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగమనాలి. అప్పుడు ఒకటి, రెండు, మూడు అంటే వాళ్ల కాళ్లే వాళ్లను లేపుతాయి. నడుముకు కట్టే పట్టీ ఉంటే దాన్ని పట్టుకోవాలి. నా వేళ్లు గట్టిగా పట్టలేవు కాబట్టి పట్టీ వెనక ముంజేతిని దూర్చి మోచేతి బలంతో పట్టుకోవడం నేర్పారు. కుర్చీ ఎత్తు పెంచాం, మంచం ఎత్తు పెంచాం. ఈ రెండు మార్పులతో సగం శ్రమ తగ్గింది. డబ్బు పెట్టి చేసిన వేరే ఏర్పాట్లేవీ ఇంత మేలు చేయలేదు.

అమ్మ పడటం రాత్రిపూట జరిగింది. తుంటి దగ్గర ఎముక విరిగింది, సగం కీలు మార్చారు. ఆపరేషన్ మర్నాడే ఆమెను నిలబెట్టారు. చూసిన చుట్టాలకు అది క్రూరంగా అనిపించింది. కానీ వయసు మీరినవాళ్లు మంచాన పడితే కండ ఎంత తొందరగా కరుగుతుందో నాకు అప్పటికే తెలుసు. 2007లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని వృద్ధులను పది రోజులు మంచం మీద ఉంచితే కాళ్లలోనే సుమారు కిలో కండ తగ్గింది. వయసులో ఉన్నవాళ్లకూ మినహాయింపు లేదు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవయ్యేళ్ల యువకులు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, ఆ మూడు వారాలు వాళ్ల శరీర సామర్థ్యాన్ని తగ్గించినంతగా ముప్పై ఏళ్ల వయసు తగ్గించలేదని తేలింది. అమ్మ "ఇవాళ్టికి వదిలెయ్యవే" అని బతిమాలినప్పుడల్లా ఈ సంగతి గుర్తుచేసుకుని, నొప్పి మాత్ర పనిచేసే వేళ చూసి, వాకర్ దగ్గరికి తెచ్చేదాన్ని. కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకూడదని, తుంటిని తొంభై డిగ్రీలు దాటి వంచకూడదని డాక్టర్లు పెట్టిన నిబంధనలు పాటిస్తూనే.

ఆసుపత్రిలో ఆమెకు రెండో రోజు రాత్రి మతి తప్పింది. నన్ను వాళ్ల అక్క అనుకుంది. పెద్ద వయసులో ఆపరేషన్ తర్వాత ఇది తరచూ జరుగుతుందని, చాలామందిలో తగ్గుతుందని చెప్పారు. కళ్లద్దాలు పెట్టడం, వినికిడి యంత్రం పెట్టడం, పగలు కిటికీ తెర తీసి వెలుతురు రానివ్వడం, కూర్చోబెట్టడం, నడిపించడం, తెలిసిన ముఖాలు పక్కన ఉండటం, ఇవే దానికి ముఖ్యమైన చికిత్స. నెమ్మదిగా తేరుకుంది. పూర్తిగా మునుపటి మనిషి కాలేదు.

ఆ వారాల్లో నా కదలిక ఎలా సాగిందంటే, వార్డు నడవాలో. అమ్మ నిద్రపోతున్నప్పుడు నడవా చివరి వరకూ వెళ్లి రావడం, మందుల కోసం లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగడం, కుర్చీలో కూర్చుని మడమలు ఎత్తడం, వేళ్లు ఒక్కొక్కటిగా బొటనవేలికి తాకించడం. కుర్చీలో నిద్ర వల్ల పొద్దున బిగుతు మరీ ఎక్కువగా ఉండేది. ఆ సమయంలో నా జబ్బు ఎగదన్నింది కూడా. కొన్నాళ్లు స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వచ్చింది. వ్యాయామం జబ్బును ఆపుతుందని నేను ఎవరికీ చెప్పను. మందు మానేసి నడకతో నయం చేసుకుంటామనేవాళ్ల కీళ్లు వంకర్లు తిరిగిపోవడం చూశాను. మందు పని మందుది, నడక పని నడకది.

అన్నయ్య వేరే ఊళ్లో ఉంటాడు. "నీకు ఏం సాయం కావాలో చెప్పు" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కూడా ఓపిక లేని రోజులవి. చివరికి ఒకటే అడిగాను: వారంలో రెండు సాయంత్రాలు గంటసేపు నువ్వు వీడియో కాల్‌లో నాన్నతో ఉండు, ఇంట్లో సాయానికి వచ్చే అమ్మాయి పక్కన ఉంటుంది, ఆ గంట నేను బయట నడుస్తాను. వాడు ఒక్కసారి కూడా తప్పలేదు. నాన్న కూడా ఆ గంట కోసం ఎదురుచూసేవారు, చిన్నప్పటి లెక్కలూ గొడవలూ అన్నీ తవ్వుకునేవారు. బయటకు వెళ్తున్నప్పుడు మొదట్లో కాళ్లు వెనక్కి లాగేవి. వాళ్లిద్దరూ మంచాల మీద ఉంటే నేను గాలి పీల్చుకోవడానికి వెళ్లడమేమిటని. ఒకరోజు అమ్మే అంది: "నువ్వు కూడా పడితే మమ్మల్నెవరు లేపుతారే? పోయిరా." ఆ తర్వాత నేను గడప దగ్గర ఆగలేదు.

నాన్న చివరి సంవత్సరంలో నడక పోయింది. ముందు బయటి నడక, తర్వాత గదుల మధ్య నడక, ఆ తర్వాత మంచం నుంచి కుర్చీకి. ప్రతి మెట్టు దగ్గరా నేను పోట్లాడాను, ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒక దశలో వదిలిపెట్టాల్సి వచ్చింది. ఎప్పుడు పట్టుబట్టాలో ఎప్పుడు వదలాలో తేల్చే సూత్రమేదీ లేదు. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన ఒక్క మాట మాత్రం సాయపడింది: ఈ కదలిక వల్ల ఆయనకు ఇవాళ ఏదైనా సుఖం కలుగుతుందా అని అడుగు. కలగదంటే మాను. చివరి నెలల్లో మేం చేసింది కాళ్లూ చేతులూ మెల్లగా వంచి చాపడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, మెడ కింద దిండు సరిచేయడం. పుండ్లు పడలేదు, కీళ్లు బిగుసుకుపోయి నొప్పి పెట్టలేదు. ఆయన ప్రశాంతంగా పోయారు. బలం పెంచడానికి మొదలైన వ్యాయామం అక్కడికి చేరింది. నాకు అందులో ఓటమి కనిపించలేదు.

ఆయన పోయాక నాకు నడవాలనిపించలేదు. చాలా రోజులు మూడో రకం పని మాత్రమే చేశాను, మంచం మీద వేళ్లు తిప్పడం, తొడలు బిగించడం. దుఃఖంలో ఒళ్లు ఎంత బరువెక్కుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. దాన్ని బలవంతంగా తోలలేదు. ఎండ కాసేపు తగిలేలా గుమ్మం బయట నిలబడటం, తర్వాత వీధి మలుపు వరకు వెళ్లడం, అలా తిరిగి వచ్చాను.

ఇప్పుడు అమ్మ వాకర్‌తో తిరుగుతోంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో వృద్ధులు పడకుండా ఉండేందుకు ఇంట్లోనే చేసుకునేలా రూపొందించిన వ్యాయామాలున్నాయి. చీలమండకు చిన్న బరువు కట్టుకుని కాలు ఎత్తడం, పట్టుకుని మడమల మీద, మునివేళ్ల మీద నిలబడటం, పక్కకు నడవడం. వాటిని పాటించినవాళ్లలో పడటం మూడో వంతు దాకా తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. అమ్మ వాటిలో కొన్ని చేస్తుంది. పక్కనే నేనూ చేస్తాను. ఆమెకు జ్ఞాపకం తగ్గుతోంది, ఏ వ్యాయామం తర్వాత ఏది వస్తుందో గుర్తుండదు. కానీ నేను లేచి నిలబడితే తనూ వాకర్ పట్టుకుంటుంది.

నాకు మందు మార్చారు, ఇప్పుడు ఇంజెక్షన్ రూపంలో వాడుతున్నాను. పొద్దుటి బిగుతు బాగా తగ్గింది, రబ్బరు పట్టీ మళ్లీ చేతికి వచ్చింది. అన్నయ్యతో సాయంత్రాల ఏర్పాటు అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు మాట్లాడేది అమ్మతో. ఎముకలను బలహీనపరిచే స్టెరాయిడ్ వాడిన నాకూ, ఎముక విరిగిన ఆమెకూ ఇద్దరికీ ఎముకల సాంద్రత పరీక్ష రాశారు. దాని ఫలితాన్ని బట్టి నేను బరువులు ఎంత పెంచవచ్చో, అమ్మ ముందుకు వంగే కదలికల్లో ఏవి మానాలో ఫిజియోథెరపిస్ట్ చెబుతానన్నారు.